అడిగే ముందు లెక్క చెప్పండి

మీరు సిద్దిపేట జిల్లాలో ఏదో ఒక విచారణకు గురువు కావచ్చు, ఆర్థిక సంఘంలో సభ్యులు కావచ్చు, దూరపు ఉపస్థలంలో ఆదివారం ప్రార్థన నడిపించే ఉపదేశి కావచ్చు. ఎవరైనా మీ ఇబ్బంది ఒకటే. ఉపదేశికి నెల జీతం ఇవ్వాలి. గుడి కప్పు వానకు కారుతోంది. నాలుగు ఉపస్థలాలు తిరిగే బండికి పెట్రోలు పోయాలి. కానుకల సంచి విప్పితే చిల్లర, పది రూపాయల నోట్లు. మేత్రాసనాన్ని అడిగితే అక్కడా ఇదే మాట. అప్పుడు మనసులో మెదిలే మొదటి ఆలోచన ఏమిటి? ‘మన జనం పేదవాళ్ళు, వీళ్ళ దగ్గర ఏముంది, బయటి దాత ఎవరైనా దొరికితే బాగుండు.’ ఆ ఆలోచన సగమే నిజమని ఈ అధ్యాయం వాదిస్తుంది. కానుక తక్కువ రావడానికి పేదరికం ఒక కారణం. అంతకంటే బలమైన కారణం ఇంకొకటి ఉంది: ఇచ్చిన డబ్బు ఏమైందో ఇచ్చినవాళ్ళకు మనం చెప్పడం లేదు. దీన్ని సరిచేయడానికి దాతలు అక్కర్లేదు, ఒక నోటుపుస్తకం, ముగ్గురు మనుషులు చాలు.

ఈ అలవాటు ఎలా వచ్చిందో ముందు చూద్దాం, ఎందుకంటే తప్పు ఏ ఒక్కరిదీ కాదు. సిద్దిపేట 2016 అక్టోబరు 11న జిల్లా అయింది. అంతకు ముందు ఇందులో పెద్ద భాగం మెదక్‌ది, కొన్ని మండలాలు కరీంనగర్, వరంగల్ జిల్లాలవి. జిల్లా హద్దులు మారినా శ్రీసభ హద్దులు అలాగే ఉన్నాయి. పాత మెదక్ ఊళ్ళు హైదరాబాద్ అగ్రపీఠం కిందికి వస్తాయి, హుస్నాబాద్ లాంటి పాత కరీంనగర్ వైపు ఊళ్ళు వరంగల్ మేత్రాసనం కిందికి వస్తాయి. రెండు చోట్లా ఇటలీ నుంచి వచ్చిన పీమే సభ గురువులు దశాబ్దాల పాటు సేవ చేశారు. వరంగల్ మొదటి మేత్రాణులు అల్ఫోన్సో బెరెట్టా ఆ సభవారే. ఆ కాలంలో గుడి, బడి, దవాఖానా చాలా మటుకు వాళ్ళ దేశపు విశ్వాసులు పంపిన సొమ్ముతో లేచాయి. ఆ విశ్వాసులకు లెక్క పంపేవారు, ఎందుకంటే ఇచ్చింది వాళ్ళు. మన ఊరివాళ్ళకు లెక్క చెప్పాల్సిన అవసరం ఎవరికీ కనబడలేదు, ఎందుకంటే వాళ్ళు తీసుకునేవాళ్ళు. కాలం మారింది. గురువులు తెలుగువాళ్ళయ్యారు, మేత్రాణులు తెలుగువాళ్ళయ్యారు. 2022 ఆగస్టు 27న హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారు, తెలుగువారిలో ఆ స్థానం అందుకున్న తొలి వ్యక్తి ఆయనే. మనుషుల విషయంలో ఇంత దూరం నడిచిన సంఘం లెక్కల విషయంలో మాత్రం పాత చోటే ఆగిపోయింది. లెక్క ఇప్పటికీ పైకే పోతుంది, కిందికి రాదు.

పైగా బయటి తలుపు ఏటేటా సన్నబడుతోంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని 2020 సెప్టెంబరులో సవరించాక, ఆ విరాళం ఏదైనా ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. నమోదు ఉన్న పెద్ద సంస్థ తెచ్చి చిన్న సంస్థలకు పంచే పద్ధతి ఆగిపోయింది. పరిపాలనా ఖర్చుల కింద వాడుకోగలిగింది 50 శాతం నుంచి 20కి తగ్గింది. అంటే జీతాలు, కరెంటు, పెట్రోలు లాంటి రోజువారీ ఖర్చులకు విదేశీ సొమ్ము మీద ఆధారపడిన చోట కాళ్ళ కింద నేల కదిలింది. ఇక్కడ ఒక ఉపయోగపడే సంగతి గుర్తుంచుకోండి. దుబ్బాక నుంచో హుస్నాబాద్ నుంచో దుబాయ్ వెళ్ళి పనిచేసే మన మనిషి భారత పౌరుడే. అతను తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపే కానుక ఈ చట్టం దృష్టిలో విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న బంధువు పంపితే మాత్రం విదేశీ విరాళమే, నమోదు లేని విచారణ దాన్ని తీసుకోకూడదు. ఎవరో ఒకరి సొంత ఖాతాకు తెప్పించి గుడికి వాడితే సరిపోతుంది కదా అని ఎవరైనా అంటే, వద్దని గట్టిగా చెప్పండి. ఆ ఒక్క పని మేత్రాసనం మొత్తం నమోదునే ప్రమాదంలో పెట్టగలదు.

‘అదంతా సరే, పేదవాళ్ళ నుంచి ఎంత వస్తుంది?’ ఇది మొదటి అభ్యంతరం. న్యాయమైనదే కాబట్టి కాస్త నిలబడి జవాబు చెప్పుకోవాలి. మీ గుడిలో ఎడమ వైపు కూర్చున్న ఆడవాళ్ళను గమనించండి. వాళ్ళలో ఎంతోమంది మహిళా సంఘంలో ఉన్నవాళ్ళే. 1990లలో నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత రోజుకో రూపాయి పొదుపుతో ఊపందుకున్న సంఘాలు తెలుగు నేలంతా పాకాయి. పది పదిహేను మంది కూడడం, క్రమం తప్పకుండా పొదుపు కట్టడం, లోపల అప్పు ఇచ్చుకోవడం, తిరిగి చెల్లించడం, పుస్తకాలు రాసుకోవడం. పంచసూత్రాలని వాళ్ళు పిలుచుకునేవి ఇవే. కూలికి పోయే మనిషి నెలనెలా తప్పకుండా ఎందుకు కడుతోంది? తన పేరు మీద పాసు పుస్తకం ఉంది, లెక్క తన ముందే చదువుతారు, అనుమానం వస్తే అక్కడే అడగవచ్చు. అదే మనిషి ఆదివారం సంచిలో పది రూపాయలు వేసి ఊరుకుంటుంది. చేతిలో డబ్బు లేక అలా చేస్తోందా, అడిగే హక్కు లేని చోట అంతకు మించి పెట్టడం ఇష్టం లేక చేస్తోందా? నాకు రెండోదే ఎక్కువ నిజమనిపిస్తుంది.

శ్రీసభ చరిత్రలోనూ దీనికి సాక్ష్యం ఉంది. ఫ్రాన్సులోని లియోన్‌లో పౌలిన్ జారికో అనే యువతి పట్టు పరిశ్రమలో పనిచేసే కూలి ఆడవాళ్ళను పదిమంది చొప్పున జట్లుగా కూర్చింది. మనిషికి వారానికి ఒక్క సూ, అంటే అప్పటి ఒక చిన్న నాణెం. ప్రతి జట్టుకూ వసూలు చేసే మనిషి ఉండేది, వచ్చింది ఎంతో, ఎక్కడికి పోయిందో తెలిసేది, మిషన్ల నుంచి వచ్చిన వార్తలు జట్లలో చదివేవారు. 1822లో ఆ పని ఒక సంస్థ రూపం తీసుకుని ప్రపంచమంతటి మిషన్లను పోషించింది. పౌలిన్‌ను 2022 మే 22న ధన్యురాలిగా ప్రకటించారు. మన తాతల కాలపు గుళ్ళకు వచ్చిన సాయం వెనక ఇలాంటి కూలి జనం చిల్లరే ఉంది. పేదలు ఇవ్వలేరన్నమాట నిజమైతే ఆ గుళ్ళు లేచేవే కావు.

సరే, ఇప్పుడు పనిలోకి దిగుదాం.

1. మూడు నెలలు ఏమీ అడగకండి. లెక్క మాత్రం చదవండి. ప్రతి నెలా మొదటి ఆదివారం పూజ చివర్లో, దీవెనకు ముందు రెండు నిమిషాలు. నాలుగే మాటలు: వచ్చింది, ఖర్చయింది, మిగిలింది, బాకీ. ఒక ఊహా విచారణ లెక్క ఇలా ఉంటుందనుకోండి: సంచి కానుకలు 9,400, పండుగ చందాలో మిగిలింది 2,100, మొత్తం 11,500 రూపాయలు. ఉపదేశి జీతం 6,000, కరెంటు 1,850, పెట్రోలు 3,200, కొవ్వొత్తులు, పువ్వులు 900, మొత్తం 11,950. తక్కువ పడింది 450. ఇది విన్న మనిషి మనసులో ఏం జరుగుతుంది? గుడి నడవడానికి నెలకు ఎంత కావాలో అతనికి మొదటిసారి తెలుస్తుంది. అది కోట్ల వ్యవహారం కాదని, తన చేతికి అందే మొత్తమేనని తెలుస్తుంది. నాలుగు వందల యాభై లోటును పూడ్చడం నాలుగు కుటుంబాల పని. మీరు అడగకుండానే ఎవరో ఒకరు లేచి ‘కరెంటు బిల్లు నేను చూసుకుంటా ఫాదర్’ అనే అవకాశం అప్పుడే పుడుతుంది. చదివిన కాగితాన్ని నోటీసు బోర్డుకు అంటించండి. ఉపస్థలాల్లో ఉపదేశి చదవాలి. అక్కడి జనం కూడా ఇస్తున్నవాళ్ళే, పైగా అందరికంటే ఎక్కువగా మరిచిపోబడేది వాళ్ళే.

ఇది మన ఇష్టాన్ని బట్టి చేసే మంచి పని అనుకోకండి. 1983 నాటి శ్రీసభ చట్టం 1287వ సూత్రం విశ్వాసులు ఇచ్చిన సొమ్ముకు విశ్వాసులకే లెక్క అప్పగించాలని చెబుతుంది. ప్రతి విచారణకూ ఆర్థిక సంఘం ఉండి తీరాలని 537వ సూత్రం అంటుంది. మేత్రాసనంలో ఆర్థిక మండలి ఏటా బడ్జెట్ వేయాలని, ఏడాది చివర జమాఖర్చులు పరిశీలించాలని 493వ సూత్రం చెబుతుంది. విశ్వాసులు శ్రీసభ అవసరాలకు తోడ్పడాలన్న 222వ సూత్రాన్ని ప్రసంగాల్లో మనం తరచూ గుర్తు చేస్తాం. మిగతా వాటిని కూడా అదే గొంతుతో గుర్తు చేయాలి కదా?

2. లెక్కపెట్టే చేతులు ఒక్కరివి కాకూడదు. కానుకల సంచి గుడి దాటక ముందే, ఒకే ఇంటివాళ్ళు కాని ముగ్గురు లెక్కపెట్టి, పుస్తకంలో రాసి, ముగ్గురూ సంతకం పెట్టాలి. సోమవారం ఆ మొత్తం అంతా బ్యాంకులో పడాలి. అందులోంచి ముందే తీసి ఖర్చు పెట్టి మిగిలింది కట్టడం మన దగ్గర సర్వసాధారణంగా జరిగే పొరపాటు. ఖర్చు న్యాయమైనదే కావచ్చు, కానీ పుస్తకానికీ పాసు పుస్తకానికీ పొంతన పోతుంది. ఇక ఆర్థిక సంఘంలో ఎవరుండాలి? ఊళ్ళో పలుకుబడి ఉన్న నలుగురు పెద్దల పేర్లు రాసుకుని ఊరుకుంటాం. ఒక్కసారి వేరుగా ఆలోచించండి. మీ విచారణలో గ్రామ సంఘం పుస్తకాలు రాసిన ఆడబిడ్డ ఉంటుంది. తీర్మాన పుస్తకం, నగదు పుస్తకం, రసీదు ఆమెకు కొట్టిన పిండి. ఆమెను సంఘంలోకి తీసుకోండి, పుస్తకం ఆమె చేతికివ్వండి. గురువుకు కూడా ఇది రక్ష. లెక్క తన ఒక్కడి దగ్గరే ఉన్న గురువు ఎంత నిజాయితీపరుడైనా, బదిలీ అయి వెళ్ళాక వచ్చే మాటలకు జవాబు చెప్పుకోలేడు.

3. అవసరానికి పేరు పెట్టి అడగండి. ‘గుడికి సాయం చేయండి’ అంటే ఎవరికీ ఏమీ కనబడదు. ‘బలిపీఠం మీది కప్పుకు పన్నెండు రేకులు కావాలి, రేకు ధర ఇంత’ అంటే ఒక కుటుంబం ఒక రేకు తీసుకుంటుంది. ఇద్దరు కలిసి ఒకటి తీసుకుంటారు. అయితే ఇక్కడ ఒక కట్టుబాటు ఉంది. రేకులకని ఇచ్చిన డబ్బు రేకులకే పోవాలి. ఒక పని కోసం ఇచ్చిన కానుకను ఆ పనికే వాడాలని 1267వ సూత్రం స్పష్టంగా చెబుతుంది. రేకులు కొన్నాక కొంత మిగిలితే? సభ ముందు పెట్టి, ఇచ్చినవాళ్ళను అడిగి వేరే పనికి మళ్ళించండి. అడగకుండా మళ్ళిస్తే రేపు మీరు పెట్టే ఏ పేరునూ ఎవరూ నమ్మరు.

4. డబ్బు చేతికొచ్చే కాలం చూసుకోండి. మన మేత్రాసనాల పంచాంగం పండుగలను బట్టి నడుస్తుంది, రైతు చేతిలో డబ్బు పంటను బట్టి ఆడుతుంది. జూన్, జూలైల్లో విత్తనాలు, ఎరువులు, పిల్లల ఫీజులు. ఆ రోజుల్లో చందా అడగడమంటే వడ్డీకి తెచ్చి ఇవ్వమనడమే. వానాకాలం వరి కొనుగోలు కేంద్రానికి చేరి డబ్బు ఖాతాలో పడే నవంబరు, డిసెంబరు, యాసంగి డబ్బు వచ్చే మే నెల అసలైన కాలాలు. రంగనాయక సాగర్, కొండపోచమ్మ సాగర్, మల్లన్న సాగర్ వచ్చాక ఈ జిల్లాలో రెండో పంట పెరిగింది. కోత కానుకను ఏడాదికి రెండుసార్లు పెట్టుకోవచ్చు. భూమి లేని కూలి కుటుంబాలకు మాత్రం నెలవారీ చిన్న మొత్తమే సులువు. అందరికీ ఒకే చందా నిర్ణయించడం కంటే ఇదే న్యాయం.

5. ధాన్యం, శ్రమ కూడా పుస్తకంలో రాయండి. మిజోరాంలో ప్రెస్బిటేరియన్ సంఘం మహిళలు 1910 నుంచి వంట చేసే ప్రతిసారీ గుప్పెడు బియ్యం పక్కన పెడుతున్నారు. వారం వారం పోగుచేసి అమ్మిన ఆ బియ్యం వాళ్ళ సేవకులను పోషిస్తోంది. మనకు పక్కనే ఉన్న మెదక్ చర్చిని చూడండి. అది కతోలిక దేవాలయం కాదు, దక్షిణ ఇండియా సంఘానిది. కరువు రోజుల్లో చార్లెస్ పోస్నెట్ ఆకలిగొన్న జనానికి పని, తిండి కల్పిస్తూ కట్టించగా 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. డబ్బు బయటిది, చెమట ఇక్కడిది. మేస్త్రీ ఒక రోజు కూలి వదులుకుని గోడకు సిమెంటు పూస్తే ఆ రోజు కూలి ఎంతో అంత కానుక కింద జమ రాయండి, నెల లెక్కలో చదవండి. ఇవ్వడానికి నోటు లేనివాడికి కూడా ఇచ్చేవాళ్ళ వరుసలో చోటు దొరుకుతుంది.

6. క్యూఆర్ కోడ్ విచారణ ఖాతాదే కావాలి. గురువుగారి సొంత నంబరుకో, కోశాధికారి ఫోన్‌కో వచ్చే డబ్బు ఎంత శుభ్రంగా ఖర్చు చేసినా అది వాళ్ళ వ్యక్తిగత జమగానే కనబడుతుంది. రసీదు పుస్తకానికి వరుస నంబర్లు ఉండాలి. పన్ను మినహాయింపు గురించి తెలియక మాట ఇవ్వకండి. 80జీ అని మనం పిలుచుకునే మినహాయింపు విద్య, వైద్యం, పేదల సేవ లాంటి పనులకు అనుమతి పొందిన సంస్థలకే గానీ, పూజకూ పండుగకూ ఇచ్చే కానుకకు దొరకదు. 2,000 రూపాయలు దాటిన నగదుకు అసలే రాదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మీ ఊరి బిడ్డ అడిగితే మేత్రాసనం సాంఘిక సేవా సంస్థ ఖాతాకు బ్యాంకు ద్వారా పంపమని చెప్పండి, అనుమతి అమల్లో ఉందో లేదో ముందే కనుక్కోండి.

7. పేర్లు, మొత్తాలు మైకులో చదవకండి. మొత్తం జమ చదవండి, ఎవరు ఎంత ఇచ్చారన్నది రసీదులోనే ఉండనివ్వండి. ఐదు వేలు ఇచ్చినవారి పేరుకు చప్పట్లు కొట్టించిన చోట, యాభై ఇవ్వగలిగిన ముసలమ్మ వచ్చే ఏడు ముఖం చాటేస్తుంది. సువార్తలో ప్రభువు కళ్ళు ఎవరి కానుక మీద ఆగాయో ప్రతి ఏటా చదువుకునే మనం ఇంత చిన్న సంగతిలో జాగ్రత్త పడలేమా? కృతజ్ఞత చెప్పాల్సింది ఇంటికి వెళ్ళి, లేదా ఫోన్ చేసి.

ఇంకా రెండు మూడు అభ్యంతరాలు మిగిలాయి. ‘లెక్క చదివితే గొడవలు వస్తాయి’ అంటారు. మొదటి రెండు నెలలు వస్తాయి, నిజమే. పెట్రోలు అంత ఎందుకయిందని ఎవరో అడుగుతారు. ఆ ప్రశ్న గుడి లోపల అడగడం మంచిదా, చెట్టు కింద పదిమంది చేరి ఊహించుకోవడం మంచిదా? లెక్క వినబడని చోట పుకారు ఎలాగూ వినబడుతుంది. ‘మిగులు చూపిస్తే మేత్రాసనం పట్టుకుపోతుంది’ అని కొందరు గురువులే భయపడతారు. ఈ భయానికి మందు మేత్రాసనం చేతిలోనే ఉంది: విచారణ ఆదాయంలో పైకి పోయే భాగం ఎంతో ముందుగా ప్రకటించాలి, దానితో ఏం చేశారో తానూ ఏటా అచ్చువేసి అన్ని విచారణలకూ పంపాలి. కింది నుంచి లెక్క కోరే పీఠం తన లెక్క దాచుకుంటే ఈ అధ్యాయంలోని ఏ చిట్కా పనిచేయదు. ఇక లోటు పూడ్చడానికి స్థలం అమ్మేద్దామనే మాట వచ్చినప్పుడు ఆగండి. ఒక పరిమితి దాటిన అమ్మకానికి ఆర్థిక మండలి, సలహాదారుల సమ్మతి తప్పనిసరి. అది సరే, నెల ఖర్చుల కోసం తాతలిచ్చిన నేల అమ్మితే వచ్చే నెల ఏం అమ్ముతారు?

‘పక్క సంఘాల్లో దశమ భాగం అడుగుతున్నారు, మనమూ అడిగితే పోలేదా?’ ఇది తరచూ వినే ప్రశ్న. శ్రీసభ ఇంత శాతం అని గీత గీయలేదు, తోడ్పడమని మాత్రమే అంది. ఎవరైనా తమ మనసుతో పదో వంతు ఇస్తే సంతోషంగా తీసుకోండి. ఇస్తే రోగం తగ్గుతుందని, అప్పులు తీరుతాయని, పంట రెట్టింపు అవుతుందని మాత్రం ఒక్కసారి కూడా అనకండి. ఆశ చూపి తీసుకున్న కానుక అప్పు లాంటిది. పంట ఎండిన ఏడాది ఆ మనిషి కానుకతో పాటు విశ్వాసాన్నీ వెనక్కి తీసుకుంటాడు.

ఇదంతా ఒక్క ఏడాదిలో మేత్రాసనాన్ని సంపన్నం చేయదు. గురువుల శిక్షణ, పెద్ద ఆసుపత్రి, కొత్త కట్టడాలు లాంటి వాటికి బయటి సాయం, సంపన్న విచారణల సాయం ఇంకా చాలా కాలం కావాలి. ఉపదేశి జీతం, కరెంటు, పెట్రోలు, కప్పు మాత్రం మన చేతిలో ఉన్నవే. వచ్చే నెల మొదటి ఆదివారానికి ఇంకా సమయం ఉంది. ఈ వారమే ముగ్గురిని పిలవండి, పాత రసీదులు బయటికి తీయండి, నాలుగు మాటల లెక్క రాయండి. సరిగ్గా తేలకపోతే తేలలేదనే చదవండి, కానీ చదవండి.